కడెం వాగు మొదలు కెరమెరి ఘాట్ దాకా

ఊటీ పోదామని దసరా నుంచీ అనుకుంటున్నాం. అత్తమ్మకు డెబ్బై దాటినయి. అంత దూరం రైలు, ఆ తర్వాత ఘాట్ మీద బస్సు అంటే ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. "నాకు చలి పెట్టే గుట్టలు చూడాలె. అది ఊటీయే కావాలని ఏమన్న ఉన్నదా?" అన్నది. ఆ ఒక్క మాటతో హనుమకొండ నుంచి బండి ఉత్తరం దిక్కు తిరిగింది. చలికాలంలో పేపర్ తెరిస్తే రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత పక్కన ఏటా కనిపించే పేర్లు సిర్పూర్ (యూ), గిన్నెధరి, అర్లి (టి). అన్నీ పాత ఆదిలాబాద్ జిల్లావే. చిన్నప్పటి నుంచి చదువుతున్న పేర్లు, ఒక్కసారీ చూడని ఊర్లు.

పోయింది నలుగురం: అత్తమ్మ, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా పాప, నేను. తిరిగొచ్చి రెండు రోజులైంది. శాలువాల్లో నెగడు వాసన ఇంకా పోలేదు, ఉతకాలనిపించడం లేదు కూడా. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

డిసెంబర్ 24: కడెం, నిర్మల్

ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరి చూసుకుని, లక్షెట్టిపేట మీదుగా జన్నారం అడవిలోకి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. ఇదంతా కవ్వాల్ పులుల అడవి. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు. పెద్ద పెద్ద ఆకులు ఎండి గలగలమని రాలుతున్నాయి. కారు అద్దం దించితే ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పులి కనిపిస్తుందేమోనని పాప చాలాసేపు కళ్లు ఆర్పకుండా చూసింది. కనిపించింది ఒక నెమలి, రోడ్డు దాటుతున్న కోతుల మంద.

కడెం ప్రాజెక్టు కట్ట పక్కన చింతచెట్టు కింద తువ్వాల పరిచి, ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి తిన్నాం. 2022 జూలై వరదకు ఇక్కడ గేట్ల మీది నుంచి నీళ్లు పొర్లాయి. కట్ట ఉంటదా పోతదా అని రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చున్న రాత్రి అది. మేమూ కూర్చున్నాం. ఇప్పుడు చూస్తే నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి. కట్ట మీద చేపలు అమ్ముతున్నతను కింది ఊర్లవైపు చెయ్యి చూపించాడు. "ఆ రాత్రి మా ఊర్ల ఎవ్వరూ పండుకోలేదు సారూ. పిల్లల్నెత్తుకుని గుట్టెక్కినం" అన్నాడు. చేపలు కొని వండించుకునే వీలు లేక ఊరికే వచ్చేశాం. అది మాత్రం మనసులో ఉండిపోయింది.

రేపు చూడబోయే జలపాతాలు ఈ వాగువే. బోథ్ వైపు కొండల నుంచి దూకుతూ వచ్చి ఇక్కడ ఆగి, తర్వాత గోదారిలో కలుస్తుంది. వాగును కింది నుంచి పైకి చూసుకుంటూ పోతున్నామన్న మాట.

నిర్మల్‌లో బొమ్మలు చేసేచోటుకు సాయంత్రం పోయాం. పొనికి కర్ర పాప చేతిలో పెట్టి "ఎంత బరువుంటదో చెప్పు బిడ్డా" అన్నాడు ఒక పెద్దాయన. మూర పొడవున్న దుంగ, పుల్లంత తేలిక. కాళ్లు, తోక, ముక్కు వేరువేరుగా చెక్కి చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అతుకు ఎక్కడుందో రంగు పడ్డాక కనిపించదు. పొనికి చెట్టు దొరకడం ఏటేటా కష్టమవుతోందని ఆయన చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు చేతిలో పని ఆపలేదు. సీతాఫలం, జామ, మామిడి ఉన్న పండ్ల బుట్ట 450 రూపాయలకు తీసుకున్నాం. బేరం ఆడబోతే మా ఆయన వద్దని కళ్లతోనే చెప్పాడు. సరే అనిపించింది.

డిసెంబర్ 25: పాత ఘాట్, పొచ్చెర, కుంటాల, ఒక దారి తప్పిన గూడెం

నాలుగు లేన్ల కొత్త రోడ్డు వదిలి, పాత రోడ్డున మహబూబ్ ఘాట్ ఎక్కాం. లారీలన్నీ కొత్త దారిన పోతుండడంతో ఈ మలుపులు మాకే మిగిలాయి. ఏడున్నరకు కూడా లోయలో పొగమంచు విడలేదు. ఒక మలుపు దగ్గర దిగి నిలబడితే కింద చెట్ల కొసలు మాత్రమే తేలుతూ కనిపించాయి. అత్తమ్మ మంకీ క్యాప్ మీద కొంగు కప్పుకుని "ఇగ ఊటీ ఎందుకు?" అన్నది. అక్కడే పావుగంట ఉన్నాం. ఫోటోల్లో ఆ మంచు తెల్ల గుడ్డలా వచ్చింది తప్ప, చూసినట్టు రాలేదు.

పొచ్చెర పెద్ద ఎత్తు కాదు, 20 మీటర్లు. కానీ వెడల్పు. పరుపుబండ మీద వాగు పరుచుకుని వచ్చి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అత్తమ్మకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే మెట్లు తక్కువ, దగ్గరగా కూర్చునే వీలుంది. గంటసేపు కాళ్లు చాపుకుని కూర్చుని, జారిపోతున్న నీళ్లను చూస్తూ ఏదో పాట లోలోపలే పాడుకుంది.

కుంటాల ఇక్కడి నుంచి దూరమేం కాదు. అదే వాగు, అవే నీళ్లు. ఇక్కడ మాత్రం 45 మీటర్లు దూకాలి. నాలుగు వందలకు పైగా మెట్లు. అత్తమ్మ పైనే ఉండిపోయింది, నేను ఆమెతో ఉంటానంటే కోప్పడి పంపించింది. డిసెంబర్ ఆఖరుకు ధార సన్నబడి మూడు పాయలైంది. వానకాలంలో చూసినవాళ్లు ఇదేం నీళ్లంటారేమో. నాకు మాత్రం ఈ కాలమే మంచిదనిపించింది. రాయి కనిపిస్తుంది. నల్లటి బండలు మెట్లు మెట్లుగా, వేల ఏళ్లు నీళ్లు ఒరుసుకుపోయిన గుంతలతో. గోండి భాషలో కుంట అంటే నీటి గుంటే. ఆ కుంటల వల్లే ఈ పేరని ఒక మాట, శకుంతల ఇక్కడ తిరిగిందని ఇంకో మాట. బండల మధ్య సోమన్న గుడి ఉంది. శివరాత్రికి జనం బాగా వస్తారట.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ గుంతల్లో నీళ్లు చూడ్డానికి మోకాలి లోతు అనిపిస్తాయి. ఈత వచ్చిన కుర్రాళ్లే అక్కడ చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. హెచ్చరిక బోర్డు పక్కనే నిలబడి చొక్కాలు విప్పుతున్న ముగ్గురు పిల్లల్ని చూశాం. మా ఆయన పోయి "తమ్మీ, బండ పాకురు పట్టి ఉంది, దిగొద్దు" అని చెప్పాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని చొక్కాలు వేసుకున్నారు. మేం మెట్లెక్కేదాకా నా చూపు వాళ్ల మీదే ఉంది. మీరు పోతే దూరం నుంచే చూడండి, దయచేసి.

పైకొచ్చేసరికి అత్తమ్మ ఉడికించిన పల్లీలు అమ్మే ఆమెతో చుట్టరికం కలిపేసింది. పొట్లం 20 రూపాయలు. మాకు నాలుగు పొట్లాలు, డబ్బులు మూడింటికే తీసుకున్నది.

అక్కడి నుంచి గాయత్రి జలపాతం చూద్దామని తర్నం ఖుర్దు వైపు బయలుదేరాం. ఫోన్ మ్యాప్ చెప్పినట్టే పోయాం. తారు రోడ్డు కంకర రోడ్డైంది, కంకర రోడ్డు బండ్ల బాటైంది, బాట పత్తి చేనులో ఆగిపోయింది. సిగ్నల్ లేదు. బండి తిప్పే చోటు కూడా లేక నడిచి ముందుకు పోతే పది పదిహేను ఇండ్ల గూడెం.

చెప్పాలంటే ఈ నాలుగు రోజుల్లో నాకు అన్నిటికంటే గుర్తుండేది ఆ గూడెమే. మట్టి గోడలు, ఎర్రమట్టి అలుకు, వాకిట్లో ఒక్క ఆకు లేదు. ప్రతి ఇంటి ముందూ వెదురు దడి. ఒక ముసలమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. నుదుటి మీద, చేతుల మీద, పిక్కల మీద పచ్చబొట్లు. పాప ఫోన్ ఎత్తింది. ఆమె ఏమీ అనలేదు, మొహం మాత్రం చేటవైపు దించుకుంది. అత్తమ్మ పాప చేతిలో ఫోన్ తీసి తన సంచిలో వేసుకుంది. "ముందు పలకరియ్యాలె బిడ్డా. ఇల్లు ఆమెది" అన్నది. చెప్పులు దడి బయటే విడిచి, "రాం రాం అక్కా" అంటూ పోయి అరుగు మీద కూర్చుంది. ఇక్కడ పలకరింపు అదేనని పల్లీల ఆమె దగ్గర నేర్చుకుందట.

"రాం రాం" అన్నది ముసలమ్మ. ముందు నీళ్లొచ్చాయి, ఇత్తడి చెంబుతో. తాగినదాకా ఎవరు, ఎక్కడి నుంచి అని ఒక్క ప్రశ్న లేదు. తాగాకే అడిగారు. ఆమె కోడలు తెలుగు బాగా మాట్లాడుతుంది. అత్తకు గోండి, మరాఠీ ఎక్కువ. ఇద్దరు ముసలమ్మలు మధ్యలో కోడలు మాటతో, సగం చేతులతో గంటసేపు మాట్లాడుకున్నారు: కీళ్ల నొప్పులు, కొడుకులు, ఈసారి పత్తి ధర. పచ్చబొట్టు లేకుండా పోతే పైలోకంలో ఎవరి బిడ్డవో గుర్తుపట్టరని తమ పెద్దవాళ్లు అనేవారని కోడలు చెప్పింది. మా అత్తమ్మ తన ముంజేతి మీద చిన్న చుక్కల పచ్చబొట్టు చూపించింది. ముసలమ్మ ఆ చెయ్యి పట్టుకుని చుక్కల మీద వేలితో నిమిరింది.

కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చి పెట్టారు. చేతులతో తట్టిన రొట్టె, అంచులు కొద్దిగా మాడి, మధ్యలో మెత్తగా. దాంతో పండుమిర్చి తొక్కు, చిక్కటి కందిపప్పు. మూడు తిన్నాను. డబ్బులివ్వబోతే కోడలు మొహం చిన్నబోయింది. అత్తమ్మ కారు దగ్గరికి పోయి మిగిలిన సర్వపిండి డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అది తీసుకున్నారు. వచ్చేటప్పుడు ముసలమ్మే పాపను పిలిచి, కొంగు సర్దుకుని, ఫోన్ ఉన్న సంచివైపు వేలు చూపించింది. ఆ ఫోటో పాప ఎవరికీ పంపనంటోంది. పంపమని నేనూ అడగలేదు.

గాయత్రి జలపాతం చూడనే లేదు. చీకటి పడేలోగా ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా ఉట్నూరు చేరాలి.

డిసెంబర్ 26: కేస్లాపూర్, ఇంద్రవెల్లి, ఉషేగాం

పొద్దున ఆరింటికి ఫోన్‌లో 9 డిగ్రీలు. లాడ్జిలో వేడినీళ్లు వస్తాయన్నారు గానీ రాలేదు. పక్కన చాయ్ కొట్టతను బకెట్టెడు నీళ్లు కాచిచ్చి 30 రూపాయలు తీసుకున్నాడు. ఆ కొట్టు ముందు నెగడు చుట్టూ ఆటో డ్రైవర్లు, పత్తి కూలీలు, మేము. ఎవరు వచ్చినా ముందున్నవాళ్లు కాస్త జరిగి చోటిస్తారు. అటుకుల పోహా, మీద సన్న సేవ్, నిమ్మరసం: ప్లేటు 25. ఇక్కడి పొద్దుటి తిండిలో మహారాష్ట్ర రుచి బాగా తెలుస్తుంది.

కేస్లాపూర్‌లో నాగోబా అంటే నాగదేవుడు. ఆయన గుడి గోండుల్లో మెస్రం వంశం వాళ్లది. కొత్త రాతిగుడిని వాళ్లే తలా ఇంత వేసుకుని కట్టుకున్నారు. 2022 డిసెంబర్‌లో ప్రారంభమైంది. స్తంభాల మీద చెక్కిన పని తీరిగ్గా చూడాల్సింది. పుష్య అమావాస్య రాత్రి జాతర. అప్పుడు ఇక్కడ నిలబడే చోటుండదు. మేం పోయినప్పుడు మర్రిచెట్ల కింద నలుగురు పెద్దలు తప్ప ఎవరూ లేరు. అదే మాకు మేలైంది. ఒకాయన ఓపిగ్గా జాతర అంతా చెప్పాడు. నెలవంక కనిపించాక కచ్చురం అనే ఎడ్లబండి సిరికొండకు పోతుంది. అక్కడి కుమ్మరులే జాతర కుండలు చెయ్యాలి. తర్వాత జన్నారం దగ్గర హస్తినమడుగుకు చెప్పుల్లేకుండా నడిచిపోయి గోదావరి జలం తెస్తారు. ఆ నీళ్లతో నాగోబాకు పూజ.

"కొత్త కోడళ్లను దేవునికి చూపెడ్తం. దాన్ని భేటింగ్ అంటం. తెల్లచీరల మీద వస్తరు. దేవుణ్ని కలవకపోతే ఆమె మా ఇంటిది కానట్టే" అన్నాడాయన. "అమ్మా, నువ్వు అమావాస్యకు రా. మా దగ్గర ఉండు" అని అత్తమ్మకు చెప్పాడు. నాకు కాదు, మా ఆయనకు కాదు. ఆమెకే.

ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఆగకుండా ఎవరూ పోవద్దు. 1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల సభకు వచ్చిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వ లెక్క. ఇక్కడివాళ్లు చెప్పే లెక్క అంతకు ఎంతో ఎక్కువ. స్తూపం వెనక గుట్ట, ముందు పత్తి చేను. పాప అడిగింది, వాళ్లేం తప్పు చేశారని. మా ఆయన చాలాసేపు ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాడు. నేను మధ్యలో మాట్లాడలేదు.

మధ్యాహ్నం జైనూరులో అంగడి. కొండమీది గూడేలన్నీ అక్కడే ఉన్నట్టుంది. వెదురు బుట్టలు, ఎండుచేపలు, నువ్వులు, రంగురంగుల పూసలు. అత్తమ్మ రెండు కిలోల తెల్లజొన్నలు కొంది.

అక్కడి నుంచి ఉషేగాం, ఓజ కళాకారుల ఊరు. డోక్రా అనే ఇత్తడి బొమ్మలు తయారయ్యేది ఇక్కడ. పట్నంలో ఎగ్జిబిషన్లలో గాజు అద్దాల వెనక చూసినవే. ఎలా చేస్తారో చూసింది ఇప్పుడే. పుట్టమన్నులో పేడ కలిపి ముందు లోపలి ముద్ద చేస్తారు. అది ఎండాక తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచిన ముద్దను దారంలా సాగదీసి దాని చుట్టూ చుడతారు. మేం పోయినప్పుడు ఒక నడివయసు ఆమె నెమలికి ఈకలు పెడుతోంది. మైనం దారం బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య తిరుగుతుంటే వెంట్రుకంత సన్నమవుతోంది. ఒక్కో ఈక ఒక చుట్ట, చుట్ట మధ్యలో చుక్క. నలభై ఈకలదాకా లెక్కపెట్టి వదిలేశాను. చలికి మైనం గట్టిపడితే వేళ్లు నిప్పుల దగ్గర కాచుకుని మళ్లీ మొదలుపెడుతోంది.

దాని మీద మళ్లీ మన్ను పూసి, ఒక రంధ్రం వదిలి, కొలిమిలో పెడతారు. మైనం కరిగి పోతుంది. మైనం ఉన్న ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మన్ను పగలగొడితే బొమ్మ. అచ్చు పగిలిపోతుంది కాబట్టి అదే బొమ్మ రెండోసారి రాదు. "ఒక్కోసారి లోపల గాలి ఉంటే తల రాదు, కాలు రాదు. పదిహేను రోజుల పని పాయె" అన్నది ఆమె. నెమలి దీపం 1400 చెప్పింది. ఆ వేళ్లు చూశాక ఆ ధర నాకు తక్కువే అనిపించింది. కొన్నాం. ఇదే దీపం మధ్యలో రెండు చేతులు మారి పట్నం చేరితే ఎంతవుతుందో, అందులో ఈమెకు ఎంత ముడుతుందో. ఇక్కడికి వచ్చేవాళ్లు ఇక్కడే కొనాలి.

డిసెంబర్ 27: మర్లవాయి, కెరమెరి ఘాట్, జోడేఘాట్

మర్లవాయిలో రెండు సమాధులు. కొమరం భీం పోరాటం తర్వాత, ఆదివాసీల స్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఇటు పంపింది. ఆయన, భార్య బెట్టీ ఇక్కడే గుడిసె వేసుకుని ఉన్నారు. గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడులు, జాతరలో అధికారులు ఆదివాసీల సమస్యలు వినే నాగోబా దర్బారు ఆయన వల్లే మొదలయ్యాయి. బెట్టీ 1987లో పోయింది, ఆయన 1995లో. సమాధుల మీద అప్పుడే పెట్టిన బంతిపూలు ఉన్నాయి. ఎవరు పెట్టారని అడిగితే, బడికి పోతున్న పిల్ల "మేమే, రోజూ" అంది. గోండుల గుస్సాడి నాట్యం నేర్పిన గురువు కనకరాజు గారిది కూడా ఈ ఊరే. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. ఆయన ఆడుతుంటే చూసే భాగ్యం మాకు లేకపోయింది.

కెరమెరి ఘాట్ దిగుతుంటే పది కావస్తోంది. ఒక్కో మలుపుకు ఒక్కో లోయ. దూరంగా కొండల వెనక కొండలు, ముందుది ఆకుపచ్చ, తర్వాతది నీలం, ఆపైది పొగ. వ్యూ పాయింట్ దగ్గర చాయ్ కొట్టు కూడా లేదు. అత్తమ్మ గోడ మీద చెయ్యి ఆన్చి నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా అంతా చూసింది. మేమూ కదిలించలేదు.

హట్టి దగ్గర తిరిగి జోడేఘాట్ ఎక్కాం. 1940లో భీం నేలకొరిగిన చోటు. విగ్రహం, సమాధి, మ్యూజియం. డోలు, తుడుం, కాళికోం, పెప్రే లాంటి వాయిద్యాలు, గుస్సాడి నెమలి ఈకల టోపీలు అన్నీ తీరుగా పెట్టారు. పాప నోట్‌బుక్కులో పేర్లన్నీ రాసుకుంది. బయటికొచ్చి గుట్టల వైపు చూస్తే, ఏ దారిన ఎవరొచ్చినా ఇక్కడి నుంచి ముందే కనిపిస్తుందని అర్థమైంది. ఆయన ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడో పుస్తకం చదివితే ఇంత బాగా తెలియదు.

ఆసిఫాబాద్‌లో అన్నం తిని, మంచిర్యాల మీదుగా రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాం. నాలుగు రోజులకు డీజిల్, గదులు, తిండి, కొన్నవి అన్నీ కలిపి 16,000 లోపే అయింది.

మర్నాడు అత్తమ్మ జైనూరు జొన్నలు మరపట్టించి గటక వండింది. తిన్నాక వంటింటి గోడ మీది క్యాలెండర్ దించి, కళ్లద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పింది. పుష్య అమావాస్య దగ్గర పెన్నుతో సున్నా చుట్టి, మళ్లీ గోడకు తగిలించింది.